అప్‌డేట్: ఫోర్కుల్లో గాలి నిలుస్తోంది

నా 1982 హోండా గోల్డ్‌వింగ్ జీఎల్ 1100 బైక్ ముందు ఫోర్కుల్లో (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు ఆపే గొట్టాల్లో) గాలి రెండు రోజులకే దిగిపోతోందని పోయిన నెల అడిగాను కదా, మీరన్నట్టే తప్పు నాదే. ఇక్కడ డల్లాస్‌లో గ్యాస్ స్టేషన్ కంప్రెసర్‌తో గాలి కొట్టాను. ఫోర్కులో గాలి పట్టే చోటు చాలా తక్కువ, క్షణంలో ప్రెషర్ హద్దు దాటి సీళ్లు (గాలి, ఆయిల్ బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగులు) దెబ్బతిన్నాయి. కుడి ఫోర్కు ట్యూబు మీద సన్నటి నూనె గీత కనిపించింది.

సీళ్లు మార్చి, రెండువైపులా ఆయిల్ కొలిచి పోశాను. ఆయిల్ ఎక్కువైతే గాలికి చోటు తగ్గి ఫోర్కు గట్టిపడుతుంది, అందుకే ఇక్కడ తొందరపడలేదు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, బండి చల్లగా ఉన్నప్పుడు చేతి పంపుతో 15 పీఎస్‌ఐ పెట్టాను. గేజ్ తీసేటప్పుడు కాస్త గాలి పోతుంది, అది కూడా చూసుకున్నాను.

మూడు వారాలైంది, ట్యూబులు పొడిగానే ఉన్నాయి. చాలా థాంక్స్ అన్నలూ.