చలి పొద్దున నైట్రో ట్రక్కు మొరాయిస్తోంది (బెంగళూరు)

ప్రశ్న:
అన్నలూ, నేనుండేది మారతహళ్లి. ఆదివారం ఆరున్నరకల్లా పక్క లేఅవుట్లో నా నైట్రో ట్రక్కు (నైట్రో ఇంధనంతో నడిచే రిమోట్ బొమ్మ ట్రక్కు) తోలుతా. ఈ జనవరిలో 15 డిగ్రీలకే స్టార్ట్ కానంటోంది. నిన్న పుల్ స్టార్ట్ తాడు తెగి చేతికొచ్చింది! కొత్త ఇంజిన్, రెండు ట్యాంకుల ఇంధనమే అయ్యింది. గ్లో ప్లగ్ (ఇంధనాన్ని అంటించే వేడి తీగ) ఎర్రగానే వెలుగుతోంది.

జవాబు 1:
తాడు తప్పేం లేదు తమ్ముడూ. కొత్త ఇంజిన్లో పిస్టన్ పైకొచ్చేసరికి స్లీవ్‌లో (పిస్టన్ ఆడే గొట్టంలో) బిగుసుకుంటుంది, అదలా ఉండాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు లాగితే తాడన్నా తెగుద్ది, కనెక్టింగ్ రాడ్డుకన్నా దెబ్బ. ఇంట్లో హెయిర్ డ్రయర్‌తో హెడ్డు (ఇంజిన్ పైభాగం) చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, అప్పుడు లాగు. మా ఆవిడ డ్రయర్ ఇప్పుడు నా టూల్‌బాక్స్‌లోనే ఉంటుంది, ఆ గొడవ వేరే. చల్లగాలి చిక్కన, ఎండాకాలం సెట్టింగుకి మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం అందదు. హై స్పీడ్ నీడిల్ (కార్బురేటర్లో ఇంధనం సర్దే స్క్రూ) కొంచెం తెరువు, పొగ కనపడాలి.

జవాబు 2:
డ్రయర్ సరే, తోలేటప్పుడు హెడ్డు చల్లబడితే? చపాతీలు చుట్టే ఫాయిల్ హెడ్డు చుట్టూ ఉండే చల్లబరిచే రెక్కల కింది సగానికి చుట్టండి. హెడ్డు మీద నీటిచుక్క వేస్తే మూడు నాలుగు సెకన్లలో ఆవిరవ్వాలి. చుక్క పడీపడగానే చిటపటమని ఎగిరిపోతే ఫాయిల్ తగ్గించండి. తొమ్మిదింటికి ఎండెక్కగానే తీసేయడం మర్చిపోవద్దు.

ప్రశ్న వేసినవాడు:
అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లగ్‌పాయింట్ లేదన్నా. మూడో అంతస్తులోనే వేడిచేసి, తువ్వాల్లో చుట్టి కిందికి పరిగెత్తా. మూడో లాగుకే అందుకుంది. వాచ్‌మన్ మాత్రం లోపల పసిపిల్లుందేమో అనుకున్నాడు.