‘వాచవికిం జెడిపోయె మీను’: గుచ్చే ఎర, ఆడించే ఎర

వానకాలంలో బాస్ చేపను పట్టే పద్ధతుల మీద వచ్చిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్న సోదరి, ‘లూర్’ (చేపను మోసపుచ్చే, తినడానికి పనికిరాని బొమ్మ) అన్న మాటకు ‘ఎర’ అని రాస్తే చాలునా అని మన సమూహంలో అడిగారు. చాలునంటూ మరొక మిత్రులు దాశరథీ శతకంలోని ‘వాచవికిం జెడిపోయె మీను’ అన్న మాటలను చూపించారు. కర్నూలులో పుట్టి, చిన్ననాటి నుంచి తుంగభద్ర ఒడ్డున గాలం వేసినవాణ్ణి కనుక ఈ విషయంలో నాకు చెప్పవలసినది కొంత ఉంది.

ముందుగా పద్యం సంగతి. కంచెర్ల గోపన్న అందులో ఒక్కొక్క ఇంద్రియానికి లొంగి చెడిన ఒక్కొక్క ప్రాణిని చూపాడు. ఏనుగు స్పర్శకు, పాము వినికిడికి, లేడి చూపుకు, తుమ్మెద తావికి చిక్కగా, చేప నోటి రుచికి చిక్కింది. ‘వాచవి’లో ‘వా’ అంటే నోరు, ‘చవి’ అంటే రుచి. పెదవిని ‘వాతెర’ అనడంలోనూ, ఇంటి నోరైన ‘వాకిలి’లోనూ ఉన్నది ఆ ‘వాయి’యే.

వానపామును గుచ్చిన గాలానికి ఈ మాట అక్షరాలా సరిపోతుంది. సుంకేసుల దగ్గర కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద, సన్నగా తుంపర పడుతుండగా, మా చిన్నాయన తడిసిన మట్టిని పుల్లతో తిరగేసి వానపామును తీసేవాడు. దాన్ని రెండు మడతలుగా గాలానికి గుచ్చి, కొస మాత్రం మెదిలేటట్టు వదిలేవాడు. దారానికి కట్టి నీటి మీద తేల్చిన బెండు మొదట వణికేది, తరువాత పక్కకు జరిగేది, చివరకు ఒక్కసారిగా మునిగేది. చేప ముందు రుచి చూసి, ఆ తరువాతనే మింగుతుందని ఆ బెండు కదలికే చెప్పేది. కొన్నేళ్ళకు నేను కొర్రమీను కోసం రబ్బరు కప్పను కొనుక్కొని వెళితే, “దీనికి చవి యాడుందిరా, చేప ఎందుకు మింగుతాది?” అని ఆయన అడిగాడు. సోదరి ప్రశ్నకూ చిన్నాయన ప్రశ్నకూ తేడా లేదని నాకు ఇప్పుడు అనిపిస్తున్నది.

బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. మన కొర్రమీను లాగానే గడ్డి చాటున, మునిగిన మొద్దు చాటున పొంచి ఉండి మీద పడుతుంది. దాన్ని పట్టే బొమ్మలు చెక్క, ప్లాస్టిక్, రబ్బరు, లోహాలతో చేసినవి. ఎక్కువ వాటికి రుచే ఉండదు. నోట పట్టిన మరుక్షణమే చేప ఉమ్మివేస్తుంది కనుక, పట్టేవాడు ఆలోపే దారాన్ని గుంజాలి. అంటే ఇక్కడ చేప చెడేది వాచవి వల్ల కాదు, చూపు వల్లనూ అదురు వల్లనూ. చేప ఒంటికి రెండు వైపులా బారుగా సాగే గీత ఒకటి ఉంటుంది. నీటిలో పుట్టే అదురును అది ఆ గీతతో పసిగడుతుంది.

వాన పడితే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. సన్నని వానకు నీటి పైభాగం చెదిరి, వెలుతురు తగ్గి, బాస్ బెదురు మాని చాటు వదిలి తిరుగుతుంది. అప్పుడు నీటి మీదనే చప్పుడు చేస్తూ కదిలే బొమ్మలు పనిచేస్తాయి. పెద్దవాన పడి వంకల నుంచి మట్టినీళ్ళు దిగితే చూపు ఆనదు. అప్పుడు గుండ్రని రేకు తిరుగుతూ నీళ్ళను గట్టిగా అదిరించే బొమ్మనో, లోపల చిన్న గుండ్లు గలగలలాడే బొమ్మనో ఎంచుకొని, నెమ్మదిగా లాగుతారు. రంగు కూడా కారునలుపో, మెరిసే పసుపుపచ్చో ఉండాలి. మధ్యరకపు రంగులు బురదలో కలిసిపోతాయి. కొత్తనీరు చెరువులోకి దిగే చోట, అది మోసుకొచ్చే పురుగుల కోసం చిన్నచేపలు చేరతాయి, వాటి కోసం బాస్ వస్తుంది. (ఉరుము వినబడితే మాత్రం గట్టు దిగి వెళ్ళిపోవాలి, కార్బన్‌తో చేసిన గాలపు కర్ర పిడుగుకు దారి ఇస్తుంది.)

ఈ చేపల్లో ఇప్పటికీ రికార్డుగా నిలిచినది వాననాటిదే. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ అనే యువరైతు, నేల తడిసి మడక (నాగలి) కట్టే వీలు లేక చేపలకు వెళ్ళి, బొమ్మచేపతో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టాడు. అది మన లెక్కలో పది కిలోలు దాటుతుంది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దొరికిన మరొక చేప దానికి సమానమైంది. పదును మించి మడక ఆగిన రోజు ఎలా ఉంటుందో మన సీమ రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మాట విషయం. ‘కృత్రిమ ఎర’ అనడం తప్పు కాదు గాని, అది పాఠ్యపుస్తకపు మాట. ‘బొమ్మ ఎర’ అంటే గట్టు మీద ఉన్నవాడికీ అర్థమవుతుంది. క్రియ విషయంలోనే జాగ్రత్త కావాలి. ‘ఎర వేయడం’ తినే వస్తువుకు తగినది. ‘ఎర చూపడం’ లూర్‌కు దగ్గరగా ఉన్నది.

అనంతపురం నుంచి ఒక అక్కగారు ఇచ్చిన జవాబు: “మాకు కన్నడం పక్కనే కనుక ఒక మాట చెబుతాను. అక్కడ వానపామును ‘ఎరెహుళు’ అంటారు. తమిళంలో ‘ఇరై’ అంటే మేత, వేటాడి తినే ఆహారం. అంటే ‘ఎర’లో తిండి అనే అర్థం ముందు నుంచీ ఉన్నది. తినలేని బొమ్మకు ఆ పేరే పెట్టడం నాకు నచ్చలేదు.”

అక్కా, మీరు చెప్పినది నిజమే. అందుకే ‘ఎర’ను ఒంటరిగా వదలకుండా ముందు ‘బొమ్మ’ను చేర్చమన్నాను, పిల్లల బొమ్మగుర్రం ఎక్కడికీ పరుగెత్తకపోయినా దాన్ని గుర్రమనే అంటాం. అయితే మీ మాట చదివిన తరువాత నా మాటలో ఒకదాన్ని మార్చుకుంటున్నాను. మట్టినీళ్ళలో చేప బొమ్మను చూడనే చూడదు, అదురును బట్టి వస్తుంది కనుక అక్కడ ‘చూపడం’ కూడా పొసగదు. సోదరి తన అనువాదంలో ‘బొమ్మ ఎరను ఆడించడం’ అని రాస్తే తేటనీటికీ, కొత్తనీటికీ రెండింటికీ చెల్లుతుంది.