ఆక్టేవియా కాంబీకి సెడాన్ లోయరింగ్ స్ప్రింగ్స్ సెట్ అవుతాయా?

కాంబీపిచ్చి: అన్నలూ, నా దగ్గర పాత స్కోడా ఆక్టేవియా కాంబీ ఉంది, అంటే వ్యాగన్ మోడల్, 1.9 డీజిల్. టైరుకీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్లు దూరుతున్నాయి, చూసినప్పుడల్లా మనసొప్పట్లేదు. బండిని 35 ఎంఎం దించే స్ప్రింగ్స్ దొరికాయి కానీ సెడాన్‌వి, పాత షాకులతోనే (షాక్ అబ్జార్బర్లు) వేసేయొచ్చా? పండక్కి డిక్కీ నిండా సామాన్లతో ఊరెళ్తాం.

గ్యారేజ్‌బాబు: వద్దు తమ్ముడూ. వ్యాగన్‌కి వెనక బరువెక్కువ, సెడాన్ స్ప్రింగ్ వేస్తే లోడు పడగానే తోక కూలబడి ప్రతి గుంతకీ బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీద డబ్‌డబ్‌మని కొట్టుకుంటుంది. వ్యాగన్‌వే వెతుకు, షాకులూ మార్చు, అరిగినవి గట్టి స్ప్రింగ్‌ని ఆపలేవు, బండి ఎగురుతూనే ఉంటుంది. వెనక పని తేలికే, షాకు కింది బోల్టు విప్పి, వెనక చక్రాల్ని కలిపే బీమ్ దించితే స్ప్రింగ్ చేతికొస్తుంది. ముందు స్ట్రట్‌కి (స్ప్రింగ్, షాకు కలిసున్న యూనిట్) మాత్రం స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ పెట్టకుండా పై నట్టు ముట్టుకోకు, ప్రాణాలమీదికొస్తుంది.

రోడ్డుమీదరాజు: ఇంకోటి బ్రో, మా మెకానిక్ చక్రాలు వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) రబ్బరు బుష్ బోల్టులు బిగించేశాడు, బండి కిందకి దిగాక రబ్బరు మెలిపడి కొన్ని నెలలకే చిరిగిపోయింది. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఫైనల్ టైట్ చేయించు. తర్వాత అలైన్‌మెంట్, హెడ్‌లైట్ లెవెల్ కూడా.

గ్యారేజ్‌బాబు: అవును, ఇది మర్చిపోయా. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకొస్తుంది, ముందు ఆర్టీఓలో అడుగు.

కాంబీపిచ్చి: థాంక్స్ అన్నా, సెడాన్‌వి వెనక్కిచ్చేస్తున్నా.