కొత్త కారు 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, సర్వీసు వాళ్లేమో ఏమీ లేదంటున్నారు

ప్రశ్న:
కారు తీసుకుని నెల కూడా కాలేదు. 80 వరకు హాయిగా పోతుంది. 80 నుంచి 100 మధ్యలో స్టీరింగ్ సన్నగా వణుకుతుంది, 110 దాటితే తగ్గిపోతుంది. సర్వీసు సెంటర్లో చెబితే ఆవరణలోనే ఒక చుట్టు తిప్పి, "కొత్త బండి కదా సార్, తిరిగితే అదే సెట్ అవుతుంది" అన్నారు. జాబ్ కార్డులో 'జనరల్ చెకప్, ఓకే' అని రాసిచ్చారు. ఆవరణలో 80 స్పీడు ఎలా వస్తుందో వాళ్లకే తెలియాలి! ఇంజినా, గేర్‌బాక్సా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి):
ఇంజిన్‌ను అనుమానించే ముందు ఒకటి చూడండి. వణుకు వచ్చే స్పీడులోనే ఒక గేరు తగ్గించండి. ఇంజిన్ ఆర్‌పీఎం (తిరిగే వేగం) పెరిగినా వణుకు అలాగే ఉంటే అది ఇంజిన్‌ది కాదు, చక్రాలది. బ్రేకు వేసినప్పుడే వస్తే డిస్కులు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తే డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే రాడ్డు) జాయింటు. మీరు చెప్పినట్టు ఒక స్పీడులో మొదలై ఇంకో స్పీడులో పోతే చాలావరకు వీల్ బ్యాలెన్సింగే, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడమే.

కొత్త బండికి ఇదేంటి అనుకోకండి. యార్డులో నెలల తరబడి కదలకుండా నిలబడితే టైరు నేలకు ఆనినచోట చదునవుతుంది. కొద్ది రోజులదైతే టైరు వేడెక్కగానే సర్దుకుంటుంది, ఎక్కువ కాలానిదైతే అలాగే ఉండిపోతుంది. టైరు పక్కన DOT (డాట్) అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 3224 అంటే 2024లో 32వ వారంలో తయారైందని. మీ టైర్ల వయసు చూసుకోండి. గాలి కూడా టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి, రవాణా కోసం ఎక్కువ కొట్టి తర్వాత తగ్గించడం మర్చిపోతుంటారు.

"అలైన్‌మెంట్ చేసేశాం" అంటే ఒప్పుకోవద్దు. బండి ఒక పక్కకి లాగితే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), వణికితే బ్యాలెన్సింగ్. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటులోకి వస్తే దొంగ దొరికినట్టే.

జవాబు 2:
పై అన్న చెప్పింది కరెక్టే, కానీ కాగితం సంగతి కూడా చూసుకోండి. "80–100 మధ్య స్టీరింగ్ వణుకుతోంది" అని మీ మాటల్లోనే జాబ్ కార్డులో రాయించండి, కిలోమీటర్ల రీడింగ్‌తో సహా. ప్రతిసారీ అవే మాటలు రాయించండి. ఒకసారి వైబ్రేషన్, ఇంకోసారి సౌండ్ అని రాస్తే రేపు అవి రెండు వేర్వేరు కంప్లైంట్లు అంటారు. టెస్ట్ డ్రైవ్‌కి టెక్నీషియన్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి.

జవాబు 3:
తిరిగితే సెట్ అయ్యేవి బ్రేకు ప్యాడ్లు. వణుకు కాదు.

అడిగినవారు:
చక్రాలు మార్పించాను. స్టీరింగ్ నిమ్మళించింది, ఇప్పుడు సీటు కింద తెలుస్తోంది! బ్యాలెన్సింగ్ మెషీన్ మీద మాత్రం అన్నీ సున్నా చూపిస్తున్నాయి. ఇదెలా?

జవాబు 1:
మామూలు మెషీన్ చక్రాన్ని గాల్లో తిప్పుతుంది, బండి బరువు దాని మీద పడదు. రోలర్‌తో టైరును నొక్కి తిప్పే రోడ్ ఫోర్స్ మెషీన్ మీద పెట్టించండి. టైరుదా, రిమ్ముదా తేలిపోతుంది. టైరుదైతే వారంటీ చాలాసార్లు టైరు కంపెనీది, కారు కంపెనీది కాదు. క్లెయిమ్ మీరే పెట్టాలా, వాళ్లు పెడతారా అన్నది అక్కడే రాతపూర్వకంగా అడగండి.