ప్రాచీన ఈజిప్టులో మనుషులు నివసించిన ఊళ్లు ఏమయ్యాయి?

ప్రశ్న – అన్వేషి

ప్రాచీన ఈజిప్టు కట్టడాల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. సమాధులు, ఆలయాల గురించి ఎంత విపులంగా రాస్తారో, మనుషులు కాపురమున్న ఊళ్ల గురించి అంత క్లుప్తంగా తేల్చేస్తున్నారు. ఇళ్లకు పచ్చి ఇటుక, దేవుళ్లకూ చనిపోయినవారికీ రాయి వాడారు కాబట్టి మట్టి కరిగిపోయి రాయి మిగిలింది అన్న ఒక్క వాక్యంతో ఆ సంగతి ముగిసిపోతోంది. మెసొపొటేమియాలోనూ ఇళ్లు మట్టివే కదా. అయినా ఉర్ వంటి నగరాల్లో వీధులు, సందులు, ఇళ్ల గదులు సహా బయటపడ్డాయి. ఈజిప్టులో అలా ఎందుకు జరగలేదు? జాన్ విల్సన్ అనే అమెరికన్ పండితుడు 1950ల చివరలో ఈజిప్టును నగరాలు లేని నాగరికత అని వర్ణించారని కూడా చదివాను. ఆ మాట ఇప్పటికీ నిలుస్తుందా? దొరికిన కొద్దిపాటి ఊళ్లను బట్టి సామాన్యుల జీవితం గురించి ఎంతవరకు నమ్మకంగా చెప్పగలం? తవ్వకాల ఆధారంగా వివరించగలిగినవారు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం – మట్టిమిద్దె

మట్టి కరిగిపోయిందన్న వివరణ వినడానికి సబబుగానే ఉంటుంది కాని, నేలమీద కనిపించే సాక్ష్యానికి పొసగదు. అబిడోస్‌లో షునెత్ ఎల్-జెబిబ్ అని పిలిచే ప్రాకారాన్ని రెండవ రాజవంశపు చివరి రాజు ఖాసెఖెమ్వి పూర్తిగా పచ్చి ఇటుకలతోనే కట్టించాడు. సుమారు 4,700 ఏళ్లు గడిచినా దాని గోడలు కొన్నిచోట్ల పది మీటర్ల ఎత్తున నిలబడే ఉన్నాయి. నైలు ఒండ్రుమట్టిలో ఇసుక, తరిగిన గడ్డి కలిపి తొక్కి, చెక్క అచ్చులో వేసి ఎండబెట్టిన ఇటుక, వాన అరుదుగా కురిసే ఆ దేశంలో అడుగునుంచి తడి తగలకపోతే వేల ఏళ్లు ఉంటుంది. పైగా మట్టి అంటే పేదరికమని అనుకోవడానికీ లేదు. థీబ్స్ పడమటి ఒడ్డున మల్కతాలో మూడవ అమెన్‌హోటెప్ కట్టించుకున్న రాజభవనం కూడా ఇటుకదే. గోడలకు గిలాబా పూసి దానిమీద రంగుల బొమ్మలు వేయించాడు, ఇటుకల మీద తన పేరు ముద్రింపించాడు. కలకాలం ఉండవలసినవాటికి రాయి, పాతబడితే పడగొట్టి మళ్లీ కట్టుకునేవాటికి ఇటుక అన్నది వారి పద్ధతి.

అసలు కారణం ఊళ్లు ఉన్న చోటులో ఉంది. ఏటా వేసవి చివర నైలు పొంగి పొలాలన్నీ ముంచెత్తేది కాబట్టి, నది గట్ల మీదా, వరద అందని ఇసుక మెరకల మీదా మాత్రమే ఊరు కట్టడానికి వీలుండేది. అటువంటి చోట్లు తక్కువ. ఒకసారి ఊరు వెలిసిందంటే కూలిన ఇళ్ల మీద కొత్త ఇళ్లు లేస్తూ, ఆ చోటే దిబ్బగా పెరుగుతూ వచ్చింది. ఈనాటి పట్టణాలు, పల్లెలు చాలావరకు ఆ దిబ్బల మీదే ఉన్నాయి. జనం కాపురమున్న ఇళ్ల కింద ఎవరు తవ్వగలరు? ఇక వరద తెచ్చిన ఒండ్రు వెయ్యేళ్లకు సుమారు ఒక మీటరు చొప్పున పేరుకుంటూ పోయింది. డెల్టాలో అయితే మొదటి పొరలు భూగర్భజలం కిందికే వెళ్లిపోయాయి, అక్కడ మోటార్లతో నీరు తోడుతూ తవ్వాలి.

దీనికి మనుషుల చేయి కూడా తోడైంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే. శిథిలమైన ఇటుక, బూడిద, పెంటపోగు కలిసి నానిన పాటిమన్ను పొలానికి మంచి ఎరువు. ఈజిప్టులో దాన్ని సెబాఖ్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ మట్టి కోసం రైతులు పాటిదిబ్బలను ఏళ్ల తరబడి తవ్వి గాడిదల మీద తరలించారు, కొన్నిచోట్ల దిబ్బ దగ్గరికి చిన్న రైలుపట్టాలు కూడా వేశారు. 1887లో అఖెనాతెన్ రాజు రాజధాని అమర్నాలో ‘అమర్నా ఉత్తరాలు’, అంటే పశ్చిమాసియా రాజులు ఈజిప్టు ఆస్థానానికి రాసిన మట్టిపలకలు, బయటపడింది కూడా ఈ తవ్వుకోళ్లలోనేనని చెబుతారు. దొరికినవి కొన్ని ఉంటే, పొలాల్లో చల్లబడిన ఊళ్లు ఎన్నో.

ఇంతా చేసి, ఆ కాలపు పురావస్తువేత్తలు కూడా ఊళ్ల జోలికి పెద్దగా పోలేదు. తవ్వకాలకు డబ్బు పెట్టిన సంస్థలకు విగ్రహాలు, శాసనాలు, శవపేటికలు కావాలి. కుండపెంకులు నిండిన దిబ్బను పొరపొరగా విప్పి చూసే ఓపిక ఎవరికీ లేదు. మెసొపొటేమియాలో రాతి ఆలయాలు లేవు కనుక అక్కడ తవ్వినవారు మట్టిగోడను గుర్తుపట్టడం నేర్చుకోవలసి వచ్చింది. మీరు అడిగిన తేడాకు ఇది కూడా ఒక కారణమే.

సమాధానం – పూర్వలేఖ

పై వివరణతో ఏకీభవిస్తూ, మీ చివరి ప్రశ్న మీద నాలుగు మాటలు రాస్తాను. మనకు ఇంటింటి పటం సహా తెలిసిన ఊళ్లు ప్రధానంగా మూడు: కాహున్, అమర్నా, దేర్ ఎల్-మదీనా. మూడూ ఎడారి అంచున ఉన్నాయి. మూడింటినీ ప్రభుత్వమే పూనుకుని కట్టించింది. మూడూ ఒక దశలో ఖాళీ అయి, మళ్లీ ఎవరూ వచ్చి పైన పెద్ద ఊరు కట్టకుండా మిగిలాయి. అంటే అవి మిగలడానికి కారణమైన లక్షణాలే వాటిని మామూలు ఊళ్ల నుంచి వేరు చేస్తున్నాయి. ఈ ఒక్క సంగతి మరిచిపోయి రాసిన పుస్తకాలను నేను పక్కన పెట్టేస్తాను.

రెండవ సెనుస్రెత్ పిరమిడ్ దగ్గర ఉన్న కాహున్‌ను 1889లో బ్రిటిష్ పురావస్తువేత్త ఫ్లిండర్స్ పెట్రీ తవ్వడం మొదలుపెట్టారు. గీత గీసినట్లు తిన్నని వీధులు, ఒక వైపు ఆనించి కట్టిన చిన్న ఇళ్ల వరుసలు, మరో వైపు డజన్ల కొద్దీ గదులున్న పెద్ద లోగిళ్లు, మధ్యలో ఊరిని రెండుగా చీల్చే గోడ బయటపడ్డాయి. పెద్ద లోగిళ్లలోని గాదెల పరిమాణాన్ని బట్టి వాటిలోని ధాన్యం 5,000 నుంచి 9,000 మందికి సరిపోతుందని పురావస్తువేత్త బారీ కెంప్ లెక్క కట్టారు. చిన్న ఇళ్లవారి తిండి ఆ లోగిళ్ల నుంచి కొలిచి ఇచ్చే గింజల మీద ఆధారపడి ఉందన్నమాట. మరోవైపు, దాదాపు ప్రతి గది మూలలోనూ ఎలుకలు చేసిన కన్నాలు, వాటిని రాళ్లతో, చెత్తతో పూడ్చిన ఆనవాళ్లు పెట్రీకి కనిపించాయి. ప్రణాళిక గీసిన అధికారి ఊహించిన ఊరూ, అందులో కాపురం చేసినవారు అనుభవించిన ఊరూ ఈ రెండు సాక్ష్యాల్లో పక్కపక్కనే కనిపిస్తాయి.

అక్కడ దొరికిన పత్రాల్లో హోరి అనే సైనికుడి ఇంటి జనాభా జాబితా ఉంది. మొదట అతను, భార్య, ఒక పసివాడు. తర్వాత అతని తల్లి, తోబుట్టువులైన ఆడవారు వచ్చి చేరారు. చివరికి కొడుకు స్నెఫెరు ఇంటి పెద్ద అయ్యాడు. ఇల్లు అదే, కాని ఎప్పుడు లెక్కించామన్న దాన్ని బట్టి మనుషుల సంఖ్య రెట్టింపు కావచ్చు, సగం కావచ్చు. ఇంటికి ఇంతమంది అని గుణించి ఊరి జనాభాను తేల్చే పద్ధతిని నేను ఎందుకు అంతగా నమ్మనో చెప్పడానికి ఈ ఒక్క జాబితా చాలు.

దేర్ ఎల్-మదీనాలో రాజుల లోయ సమాధులను తొలిచిన పనివారు ఉండేవారు. బెర్నార్ బ్రుయేర్ 1922 నుంచి 1951 వరకు తవ్విన ఆ ఊరిలో, ప్రహరీ లోపల దాదాపు 68 ఇళ్లు ఒకే గోడను పంచుకుంటూ ఇరుగ్గా, పొడుగ్గా ఉన్నాయి. వీధిలోంచి అడుగుపెడితే ఇటుకలతో కట్టిన ఎత్తైన అరుగున్న గది, దాని వెనుక ఒకటి రెండు స్తంభాలు, కూర్చోవడానికి తక్కువ ఎత్తు దిమ్మె ఉన్న ముఖ్యమైన గది, దిమ్మె కిందుగా నేలమాళిగ, ఇంకా వెనుక చిన్న గదులు, చివర రొట్టెల పొయ్యి ఉన్న వంటిల్లు, మిద్దె మీదికి మెట్లు. కొన్ని ద్వారబంధాల మీద ఇంటివారి పేర్లు చెక్కి ఉన్నందువల్ల ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పగలుగుతున్నాం. ఊరికి ఉత్తరాన ఉన్న పెద్ద గోతిలో రాతిపెచ్చుల మీద, పెంకుల మీద రాసిన చిట్టాలు, ఉత్తరాలు, తగాదాల నమోదులు వేల సంఖ్యలో దొరికాయి. అయితే ఈ ఊళ్లో పొలం లేదు, బావి లేదు. గింజలు రాజుగారి కొట్టు నుంచి, నీళ్లు లోయ నుంచి గాడిదల మీద రావాలి. మూడవ రామ్సెస్ 29వ పాలనా సంవత్సరంలో జీతపు గింజలు ఆలస్యమైనప్పుడు వీరు పని మానేసి ఆలయాల దగ్గర బైఠాయించారు. తన చేలో పండించుకునే రైతుకు ఇటువంటి అవసరమే రాదు. కాబట్టి దేర్ ఎల్-మదీనాను చూసి ఈజిప్టు పల్లె ఇలాగే ఉండేదని రాస్తే తప్పుతోవ పట్టినట్లే.

ప్రశ్న – అన్వేషి

ఇద్దరికీ ధన్యవాదాలు. మరి రాజధానుల సంగతేమిటి? మెంఫిస్, రామ్సెస్ నగరం వంటివి మహానగరాలని రాతల్లో ఉంది కదా. అవైనా కనిపిస్తే విల్సన్ మాటకు జవాబు దొరికినట్లే అనుకుంటున్నాను. పిరమిడ్లు కట్టినవారి ఊరు దొరికిందన్న వార్తలను ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

సమాధానం – శిథిలరేఖ

విల్సన్ ఆ మాట అన్నప్పుడు అమర్నా తప్ప చెప్పుకోదగ్గ నగరం ఏదీ పటం మీద లేదు. అఖెనాతెన్ కొత్తగా కట్టించి, పదిహేను ఇరవై ఏళ్లలోనే వదిలేసిన అమర్నాను సాధారణ నగరంగా ఆయన పరిగణించకపోవడంలో న్యాయం ఉంది. ఆ తర్వాత పరిస్థితి మారింది. రెండవ రామ్సెస్ రాజధాని పి-రామ్సెస్ కథ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఫ్రెంచ్ పురావస్తువేత్త పియెర్ మోంతే 1929 నుంచి డెల్టాలోని తానిస్‌లో తవ్వుతూ, అక్కడ రామ్సెస్ పేరున్న విగ్రహాలు, స్తంభాలు కుప్పలుగా పడి ఉండడం చూసి అదే ఆ రాజధాని అని నిర్ణయించారు. కాని తానిస్‌లో ఆ కాలపు ఇళ్ల పునాదులు గాని, కుండపెంకులు గాని లేవు. అవి దక్షిణాన కంతీర్ పల్లె పొలాల కింద ఉన్నాయి. ఆ నగరం పక్కనున్న పెలూసియక్ అనే నైలు పాయ పూడిపోయి నగరం పాడుబడ్డాక, తర్వాతి రాజులు అక్కడి రాళ్లను తానిస్‌కు తరలించుకున్నారు. రాయి కదిలిపోతుంది, పెంకులు, పునాదులు ఉన్నచోటే ఉంటాయి. శాసనాలను బట్టి చోటును గుర్తించాలనుకున్నవారిని ఈ నగరం కొన్ని దశాబ్దాలపాటు తికమక పెట్టింది.

కంతీర్‌లో ఎడ్గర్ పుష్ బృందం 1996 నుంచి అయస్కాంత సర్వే చేయించింది. నైలు ఒండ్రులో ఇనుప ఖనిజపు రేణువులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, చుట్టూ ఇసుక ఉన్నప్పుడు ఇటుక గోడ అయస్కాంతమాపకంలో స్పష్టంగా తేలుతుంది. అలా పార పెట్టకుండానే పొలాల కిందనున్న వీధులు, లోగిళ్లు, పెద్ద భవనాలు పటం మీదికి వచ్చాయి. దానికి ఆనుకుని ఉన్న తెల్ ఎల్-దబాలో మాన్‌ఫ్రెడ్ బీటక్ 1966 నుంచి, పశ్చిమాసియా మూలాలున్న హిక్సోస్ రాజుల రాజధాని అవారిస్‌ను వెలికితీస్తూ వచ్చారు. మెంఫిస్ విషయంలో ఇంత అదృష్టం లేదు. నది శతాబ్దాల పాటు తూర్పుకు జరుగుతూ పోయింది, నగరం కూడా దాని వెంటే జరిగింది, కాబట్టి అక్కడ బోరు వేసి తీసిన మట్టి నమూనాలే ప్రధాన ఆధారం.

పూర్వలేఖ గారు చెప్పిన మూడు ఊళ్ల పరిమితి నిజమే కాని, దాన్ని దాటే మార్గం కూడా దొరికిందని నా అభిప్రాయం. ఈజిప్టు దక్షిణ సరిహద్దులో నైలు మధ్య ఉన్న ఎలిఫెంటైన్ దీవిలో జర్మన్ పురావస్తు సంస్థ 1969 నుంచి పనిచేస్తోంది. అక్కడ క్రీ.పూ. నాలుగవ సహస్రాబ్ది నుంచి ఇస్లాం తొలినాళ్ల వరకు పొరలున్నాయి, అంటే ఒక ఊరు తనంతట తాను పెరిగిన క్రమం కనిపిస్తుంది. గ్రానైటు బండల సందులో ఉన్న చిన్న సతెత్ దేవి గుడి స్థలం ఇరుకయ్యేలా మొదటి రాజవంశ కాలంలో కోట గోడ వచ్చి పడింది. రాజ్యానికి ఆ నాటికి ఊరి గుడి అంటే పెద్ద పట్టింపు లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. దక్షిణ ఈజిప్టులోని ఎడ్ఫు పట్టణంలో సెబాఖ్ తవ్వుకున్నవారు దిబ్బను నిట్టనిలువుగా కోసేసినందువల్ల పొరల అంచులు బయటికి కనిపిస్తాయి, ఆ నష్టం తవ్వేవారికి ఒక విధంగా దారి చూపింది. నదీన్ మూలర్ బృందం అక్కడ పదిహేడవ రాజవంశపు గుండ్రటి గాదెలను, ఐదారు మీటర్ల వ్యాసం గలవాటిని, ఊరి నడిబొడ్డున గుర్తించింది. వాటికి ముందు అదే చోట స్తంభాలున్న కచేరీ ఉండేది. మూటలకు, తలుపులకు వేసిన మట్టి ముద్రలు దాని నేలమీద దొరికాయి, వాటిలో హిక్సోస్ రాజు ఖయాన్ పేరున్నవి కూడా ఉన్నాయి. గాదెలూ, కచేరీ, ముద్రలూ ఒకేచోట ఉన్న ఊరిని పట్టణం అనకుండా ఉండడానికి కారణం కనిపించదు. విల్సన్ మాట ఆనాటి తవ్వకాల స్థితిని చెప్పిందే తప్ప ఆనాటి ఈజిప్టును కాదు.

సమాధానం – మట్టిమిద్దె

గిజా గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. 1990లో ఒక గుర్రం కాలు ఇటుక గోడకు తగిలి తూలడంతో పనివారి శ్మశానం బయటపడింది, జాహి హవాస్ దాన్ని తవ్వించారు. దాని దిగువన, స్ఫింక్స్‌కు దక్షిణంగా ఉన్న హీత్ ఎల్-గురాబ్‌లో మార్క్ లేనర్ బృందం 1988 నుంచి పనిచేస్తోంది. 1991లో రొట్టెల బట్టీలు, ఆ తర్వాత పొడవాటి వసారాల వంటి కట్టడాల బారులు, లెక్కకు మించిన పశువుల ఎముకలు దొరికాయి. ఎముకల్లో లేత వయసు మగ పశువులవి ఎక్కువగా ఉండడాన్ని బట్టి మాంసం దూరం నుంచి పద్ధతి ప్రకారం సరఫరా అయ్యేదని తెలుస్తోంది. ఆ వసారాలు విడతలుగా పనికి వచ్చినవారి పడకచోట్లు అని లేనర్ వాదన. నాకు అది నమ్మదగినదిగానే తోస్తుంది.

కాని వార్తల్లో వదిలేసే సంగతి ఒకటి ఉంది. ఆ ఊరిలో దొరికిన ముద్రల మీద ప్రధానంగా ఖఫ్రె, మెన్‌కౌరె పేర్లు ఉన్నాయి, కాబట్టి అది మహా పిరమిడ్ కట్టిన ఖుఫు కాలపు పనివారి ఊరు కాదు. ఖుఫు పనుల గురించి నేరుగా చెప్పే ముఖ్యమైన సాక్ష్యం ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో పియెర్ తాలే బృందానికి 2013లో దొరికిన, మెరెర్ అనే పనిబృందపు అధికారి దినచర్య పత్రాలే; తూరా నుంచి సున్నపురాయిని పడవల్లో గిజాకు చేర్చిన వివరాలు అందులో ఉన్నాయి. ఇక గిజా దిగువన నజ్లెత్ ఎల్-సమ్మాన్ కింద 1990 ప్రాంతంలో మురుగు కాలువలు వేసినప్పుడు పాత రాజ్యకాలపు, అంటే పిరమిడ్లు కట్టిన కాలపు, ఇటుక గోడలు, బూడిద, పెంకులు బయటపడ్డాయి. అక్కడ పైన వేల ఇళ్లున్నాయి. కాలువ వెడల్పు మేరకే చూడగలిగారు కాబట్టి గోడలున్నాయని చెప్పగలిగినా, ఇంటి పటం గీయడానికి ఆ తవ్వకం చాలలేదు.