విడిది గదిలో పొగ: పెద్దవాళ్ళని బయటికెళ్ళమనడం తప్పా?

బరంపురం కోడలు:
మొన్న పర్లాకిమిడిలో మావాళ్ళ పెళ్ళి. మాకిచ్చిన విడిది ఒకటే పెద్ద గది. ఏసీ వేశారని కిటికీలన్నీ మూసేశారు. ఒక మూల పేకాట, నాలుగు సిగరెట్లు, ఒక చుట్ట. ఇంకో మూల చాప మీద మా ఏడు నెలల పాప. "బాబాయిగారూ, కాస్త బయట కాల్చుకోండి" అన్నాను. అందరి ముందూ పెద్దాయన పరువు తీశానని ఇంట్లో ఇప్పటికీ అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. చెప్పండి, నాది తప్పా?

రాయగడ:
తప్పనను తల్లీ. కానీ మా అమ్మమ్మ టెక్కలి వైపు మనిషి, అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, నట్టింట్లో కూర్చుని. మేం ఆరుగురం ఆ ఒళ్ళోనే పెరిగాం. పెళ్ళంటే రెండు రోజుల ముచ్చట. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లు దిగి రోడ్డు మీద నిలబడాలా? ఒక కిటికీ తీస్తే సరిపోయేది.

టిఫిన్ హోటల్, బరంపురం:
అన్నయ్యా, కిటికీ తీస్తే సరిపోదు. నేను చూశాను కనుక చెబుతున్నాను. నా హోటల్లో ఎనిమిది బల్లలు. గుమ్మం దగ్గర రెండు పొగ తాగేవాళ్ళకని వదిలేశాను, ఫ్యాను పెట్టాను. వాసన వంటగది దాకా వచ్చేది. గ్లాసులు కడిగే మనిషి రోజుకి పది గంటలు అందులోనే. గిరాకీ అరగంటలో వెళ్ళిపోతాడు, అతను ఎక్కడికి వెళ్తాడు? అది తట్టాకే మానిపించాను. రెండు నెలలు కొందరు ఎదురు కొట్టుకి పోయారు, నష్టం వచ్చింది. అయినా మళ్ళీ పెట్టను.

గదులు వేరు చేసినా, గాలి ఆడించినా పొగ ప్రమాదం పూర్తిగా పోదని, ఇంత పీలిస్తే ఫర్వాలేదనే హద్దే లేదని అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి (సర్జన్ జనరల్) నివేదిక 2006లోనే తేల్చింది. పసిపిల్లలకైతే చెవిపోటు, ఉబ్బసం, నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం కూడా. మన దేశంలో పొగాకు చట్టం 2003ది. జనం వచ్చిపోయే చోట్ల పొగ తాగకూడదన్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాయి, జరిమానా 200 రూపాయల దాకా. 30 మందో అంతకన్నా ఎక్కువో కూర్చునే హోటలైతే విడిగా గది కట్టుకోవచ్చు. దాని గాలి బయటికే పోవాలి, మిగతా హోటల్లోకి రాకూడదు. నాలాంటి చిన్నవాళ్ళకి ఆ వెసులుబాటూ లేదు.

ఇంకో మాట, మీ మనసు నొప్పించాలని కాదు. అడ్డపొగ తాగేవాళ్ళకి అంగిట్లో క్యాన్సర్ రావడం శ్రీకాకుళం, విశాఖ వైపు డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నదే.

రాయగడ:
అమ్మమ్మ చివరి రెండేళ్ళూ గంజి తప్ప ఏదీ మింగలేకపోయింది. ఎందుకో మేం అడగలేదు. కిటికీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పెద్దాయనకి వరండాలో ఒక కుర్చీ వేసి అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ మాట మీద మాత్రం ఉన్నాను.

బరంపురం కోడలు:
కుర్చీ వేసే పిలిచానండి. ఆయన రాలేదు. పాపని ఎత్తుకుని నేనే వెళ్ళి అందులో కూర్చున్నాను, ముహూర్తం దాకా.