ఒకే మీటింగులో వీధిలో పార్కింగ్ తీసేశారు, హాలుకి గ్రాంటు ఇచ్చేశారు: ఇది న్యాయమేనా?

మూలమీద_ఇల్లు:
పోయిన నెల కౌన్సిల్ మీటింగులో రెండు నిర్ణయాలు పాసయ్యాయి. ఒకటి, మా వీధిలో ఒక పక్క మొత్తం నో పార్కింగ్, రెండో పక్క పర్మిట్ ఉన్న ఇళ్ళవాళ్ళకే, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. రెండోది, వీధి చివర కమ్యూనిటీ హాలు నడిపే క్లబ్బుకి ఫ్లోరింగ్ మార్చుకోడానికి గ్రాంటు. ఈ సోమవారం నుంచి గీతలు అమల్లోకి వచ్చాయి. మా అమ్మకి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది, రోజూ రెండు పూటలా నర్సు కారులో వస్తుంది. సోమవారం ఆవిడ కారు రెండు వీధుల అవతల పెట్టి సామాన్ల సంచి మోసుకుంటూ వచ్చేసరికి ఇరవై నిమిషాలు లేటు, అంతసేపూ అమ్మ తడిసిన పక్క మీదే ఉంది, నేనొక్కదాన్నే ఆమెని తిప్పలేను. హాలుకి కొత్త నేల కావాలి, మా ఇంటికి నర్సు వద్దా? మమ్మల్ని అడిగిందెవరు?

టేపుతో_కొలిచా:
మీ అమ్మగారి విషయం బాధగానే ఉందండీ, కానీ ఆ వీధి సంగతి కూడా వినండి. నేను టేపు పెట్టి కొలిచా, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి 5.8 మీటర్లు. మామూలు కారు 1.8 మీటర్లు, గట్టుకి కాస్త దూరంగా ఆపుతారు కాబట్టి రెండు పక్కలా కలిపి దాదాపు 3.9 మీటర్లు కార్లకే పోతుంది. మధ్యలో మిగిలేది 1.9. ఫైరింజను వెడల్పు సుమారు 2.5 మీటర్లు. అంటే రెండు పక్కలా కార్లుంటే అది మీ వీధిలోకి రాదు, అంతే. ఒక పక్క తీసేస్తే 3.85 మీటర్లు వస్తుంది. ఇందులో న్యాయం అన్యాయం ఏముంది, కొలత.

నోటీసు_ఎక్కడ:
కొలత తర్వాత సంగతి. అభ్యంతరాలు చెప్పుకోడానికి 21 రోజులు టైమ్ అని ఆ పార్కింగ్ మార్పు నోటీసులోనే రాసుంది. దాన్ని ఒకే ఒక్క స్తంభానికి కట్టారు, అది కూడా హాలు గేటు ఎదురుగా. 12వ రోజు వానకి ఊడి కాలవలో పడింది, నేను కళ్ళారా చూశా. మళ్ళీ ఎవరూ కట్టలేదు. 12 రోజులు కట్టిన నోటీసు 21 రోజుల నోటీసు ఎలా అవుతుంది?

టేపుతో_కొలిచా:
నోటీసు కౌన్సిల్ ఆఫీసులో కూడా ఉంది కదా.

నోటీసు_ఎక్కడ:
నేను అడిగింది స్తంభం సంగతి. 12 రోజులా 21 రోజులా, అది చెప్పండి.

పుస్తకాల_గది:
పార్కింగ్ మీరు తేల్చుకోండి, నేను గ్రాంటు గురించి మాట్లాడతా. మాది చిన్న రీడింగ్ గ్రూపు, తొమ్మిది మందిమి, పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పుస్తకాలు ఇచ్చి, చూపు తగ్గినవాళ్ళకి కూర్చుని చదివి వినిపించి వస్తాం. మూడేళ్ళు వరసగా అప్లై చేశాం. మొదటిసారి గ్రూపు పేరు మీద బ్యాంకు ఖాతా లేదని తిప్పి పంపారు. ఖాతా తెరిచాం. రెండోసారి ఆడిట్ రిపోర్టు లేదన్నారు. మేం అడిగింది పెద్ద అక్షరాల పుస్తకాలు కొనుక్కోడానికి, ఆ డబ్బు మొత్తం ఆడిటర్ ఫీజుకే సరిపోతుంది. మూడోసారి ఉత్తరం కూడా రాలేదు. హాలు క్లబ్బుకి మాత్రం మొదటి అప్లికేషనుకే వచ్చింది. ఫారం నింపడం వచ్చినవాళ్ళకే గ్రాంటు, పని చేసేవాళ్ళకి కాదు.

హాలు_కమిటీ:
నేను హాలు కమిటీ సెక్రటరీని, దాచుకునేది ఏమీ లేదు. మొదటి అప్లికేషన్ అన్నది తప్పు, అంతకుముందు రెండుసార్లు తిరస్కరించారు. నేల చెక్కలు లేచి, పోయిన ఏడాది ఒక పిల్ల మడమ చీరుకుపోయింది. ఆ హాలు వారంలో ఆరు రోజులు వాడతారు, ట్యూషన్లు, పెద్దవాళ్ళ వ్యాయామం, రక్తదానం. డబ్బు ఎవరి జేబులోకీ పోలేదు, బిల్లులు ఎవరికైనా చూపిస్తాం.

కొత్తగా_చేరా:
జపాన్లో 1962 నుంచే చట్టం ఉంది, కారు కొనాలంటే నిలుపుకోడానికి సొంత చోటు ఉందని చూపించాలి. ఇక్కడా అదే పెడితే గొడవే ఉండదు.

మూలమీద_ఇల్లు:
మాకు కారు లేదండీ. కారు నర్సుది.

లెక్క_చూద్దాం:
అందరూ ఒక ముఖ్యమైన విషయం వదిలేస్తున్నారు, పర్మిట్ల మీద వచ్చే డబ్బు ఎక్కడికి పోతుంది? కాలిఫోర్నియాలో పాసడీనా అని ఊరుంది, అక్కడి పాత బజారులో 1993లో పార్కింగ్ మీటర్లు పెడతామంటే షాపులవాళ్ళు ఒప్పుకోలేదు, చివరికి ఆ మీటర్ల ఆదాయం ఆ బజారుకే ఖర్చు పెడతామని మాటిచ్చాక ఒప్పుకున్నారు, ఆ డబ్బుతో ఫుట్‌పాత్‌లు, దీపాలు, చెట్లు వచ్చాయి, పడిపోయిన బజారు లేచి నిలబడింది. అదే లండన్లో బార్నెట్ కౌన్సిల్ ఇళ్ళవాళ్ళ పర్మిట్ ఫీజు బాగా పెంచి మిగులుని వేరే రవాణా ఖర్చులకి వాడుకోబోతే, ఆదాయం కోసం అలా పెంచడం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. అంటే డబ్బు వీధిలోనే తిరిగితే జనం భరిస్తారు, ఎటు పోతుందో తెలియకపోతే కోర్టుకి వెళ్తారు. మన కౌన్సిల్ ఒకే సాయంత్రం ఒక చేత్తో పర్మిట్ ఫీజు పెట్టి రెండో చేత్తో గ్రాంటు ఇస్తే ఇదీ అదీ ఒకటే డబ్బు అని జనం అనుకోరా మరి?

హాలు_కమిటీ:
గ్రాంటు వేరే పద్దు. పర్మిట్ ఫీజుకీ దానికీ సంబంధం లేదు, మీటింగు మినిట్స్‌లో రాసుంది.

లెక్క_చూద్దాం:
అయితే ఆ పద్దు పేరు, మొత్తం ఒక కాగితం మీద రాసి హాలు గోడకి అంటించండి. అడిగింది అంతే.

టేపుతో_కొలిచా:
ఫైరింజనుకి పద్దుతో పని లేదు. 1.9 మీటర్లలో దూరదు.

మూలమీద_ఇల్లు:
హాలు కమిటీవాళ్ళకి ఒక ప్రశ్న. నోటీసు మీ గేటు ఎదురుగా కట్టారు, 12 రోజులు అందరూ చూశారు. మీలో నలుగురు మీటింగుకి వెళ్ళి పార్కింగ్ తీసేయమని మాట్లాడారని మినిట్స్‌లో ఉంది, ఇప్పుడే చదివా. మా తలుపు ఒక్కరు తట్టారా? వీధికి కార్లు వచ్చేదే మీ హాలుకి, మీ శనాదివారాల కార్లు మా గేటుకి అడ్డంగా పెడితే రెండేళ్ళు నోరెత్తలేదు. ఆ కార్ల మీద కోపం మా నర్సు మీద తీర్చారు.

హాలు_కమిటీ:
అది అన్యాయం. కార్ల మధ్యలోంచి పిల్లలు రోడ్డు మీదికి పరిగెత్తుతుంటే భయమేసి అడిగాం. మీటింగు అందరికీ తెరిచే ఉంటుంది, మీరు రావచ్చు, రాలేదు. రానివాళ్ళు తర్వాత అడగలేదు అంటే ఎలా?

మూలమీద_ఇల్లు:
రావచ్చా? మీటింగు 6:30కి. సాయంత్రం నర్సు వచ్చేది 6:30కి. ఇద్దరం చెరో పక్క పట్టుకుంటేనే అమ్మ పక్క మారుతుంది. రెండేళ్ళలో ఒక్క సాయంత్రం నేను గడప దాటలేదు. మా నాన్న ఆ హాలు కమిటీలో పదకొండేళ్ళు చేశాడు, తాళాల గుత్తి మా ఇంట్లో మేకుకే వేలాడేది. ఆయన పోయాక ఒకరొచ్చి ఆ తాళాలు తీసుకెళ్ళారు, మళ్ళీ ఎవరూ రాలేదు. నాకు పార్కింగ్ కాదండీ బాధ. మేం ఈ వీధిలో ఉన్నామని మీకు గుర్తు లేకపోవడం బాధ.

పుస్తకాల_గది:
నేను చెప్పబోయిందీ ఇదే, ఫారం పేరు చెప్పి ఏదేదో రాశాను. మేం చదివి వినిపించే పెద్దావిడ ఒకరు అడిగారు, మా పేర్లు ఎక్కడా రాసుకోరా అని.

లెక్క_చూద్దాం:
బ్రెజిల్లో పోర్టో అలెగ్రీ ఊళ్ళో 1989 నుంచి పేటపేటకీ సభలు పెట్టి బడ్జెట్టులో కొంత డబ్బు ఎక్కడ పెట్టాలో జనం చేతే తేల్పించారు. మంచిదే, కానీ అక్కడైనా సభకి వచ్చినవాళ్ళ మాటే కదా చెల్లేది, ఇంట్లో మంచం పట్టినవాళ్ళని మోసుకెళ్ళి కూర్చోబెట్టలేరు. కాబట్టి ఇళ్ళకి వెళ్ళి అడగాలి, వేరే దారి నాకు కనిపించట్లేదు.

హాలు_కమిటీ:
తాళాలు తీసుకెళ్ళింది నేనే. అప్పుడే ఇంకోసారి వస్తానని చెప్పి రాలేదు, అది నా తప్పు. ఒక పక్క పార్కింగ్ తీసేయమని అడిగింది మాత్రం తప్పని ఇప్పటికీ అనుకోను, మళ్ళీ అడగాల్సొస్తే అడుగుతా. కానీ మీకు చెప్పి అడిగేదాన్ని.

మూలమీద_ఇల్లు:
చెప్పుంటే నేను ఒప్పుకునేదాన్నేమో. ఇప్పుడు ఒప్పుకోను.

టేపుతో_కొలిచా:
మీ గేటు దగ్గర గట్టు లోపలికి వంగి ఉంటుంది, నిన్న చూశా. రెండో పక్కన కారు ఉన్నా అక్కడ ఒక్క కారు ఆగితే మధ్యలో ఎంత మిగులుతుందో కొలవాలి, 2.5 కంటే బాగా ఎక్కువ ఉంటే నర్సు కోసం ఒక్క చోటు గీయమని కాగితం పెట్టొచ్చు. వచ్చే మీటింగుకి నేను వెళ్తా. మీరు సంతకం పెట్టి ఇవ్వండి.

నోటీసు_ఎక్కడ:
కాగితంలో నోటీసు 12 రోజులే ఉందని కూడా రాయండి. నేను సాక్షిగా సంతకం పెడతా.

మూలమీద_ఇల్లు:
కొలవడానికి పొద్దున 10 తర్వాత రండి, 9 నుంచి అమ్మ స్నానం ఉంటుంది. బెల్లు కొట్టొద్దు, ఉలిక్కిపడుతుంది. తలుపు తీసే ఉంచుతా.